బాయిలర్ ఒకటే, గదులు పద్నాలుగు

కడోదరా చార్ రస్తా దగ్గర రాత్రి పదకొండు దాటినా లారీల రొద తగ్గదు. 48వ నంబరు జాతీయ రహదారి మీద కొన్ని ముంబై వైపు, కొన్ని అహ్మదాబాద్ వైపు పోతుంటాయి. రోడ్డుకు అటూ ఇటూ రంగుల మిల్లులు, సాంచాల (మరమగ్గాల) షెడ్లు, గ్రే తాకాలు (రంగు వేయని బట్ట తానులు) నింపుకున్న టెంపోలు. సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలోని ఈ ఊళ్లో ఒక రంగుల మిల్లులో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. నాన్న సిరిసిల్ల నుంచి సాంచాలు నడపడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను సూరత్ కార్పొరేషన్ వాళ్ల తెలుగు మీడియం బడిలో ఓనమాలు దిద్దుకున్నాను.

మా మిల్లు కింది అంతస్తులో జెట్ మిషన్లు వరసగా ఉంటాయి. పాలిస్టర్ బట్టకు రంగు పట్టాలంటే నీళ్లు 130 డిగ్రీల దాకా వేడెక్కాలి, అందుకని ఒత్తిడిలో బిగించిన మూతల వెనక బట్ట గిరగిరా తిరుగుతుంటుంది. ఒక మిషన్‌లో నెమలికంఠం రంగు, పక్కదాంట్లో వంగపండు రంగు. ఈ నీళ్లు ఆ నీళ్లలో కలవవు. అయితే అన్నిటికీ ఆవిరి పంపే బాయిలర్ మాత్రం ఒక్కటే.

పై అంతస్తులో నా సర్వర్ గది కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. అక్కడున్నది ఒక్క కంప్యూటర్. దాని మీద 14 కంటైనర్లు నడుస్తాయి. ఒకటి తాకాల లెక్క చూస్తుంది, ఇంకోటి రంగుల రెసిపీలు దాచిపెడుతుంది, మరోటి చలాన్లు రాస్తుంది, ఒకటి హాజరు పట్టీ. ఒక దాని గోల ఇంకో దానికి వినబడదు. హాజరు పట్టీ కూలిపోయినా చలాన్లు ఆగవు. ఈ సౌకర్యం చూసే దుకాణాల నుంచి ప్రభుత్వ సేవల దాకా అందరూ కంటైనర్ల బాట పట్టారు.

రెండేళ్ల కిందట మా దగ్గర మాల్ కొనే ఒక సంస్థ వాళ్లు తమ భద్రతా తనిఖీలో భాగంగా మా ఆర్డర్ల పేజీని పరీక్షించి ఒక నివేదిక పంపారు. అందులో ఎర్ర అక్షరాలతో ఒక వరస: రహస్య సమాచారాన్ని మూసి పంపే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీ మీ దగ్గర పాతది, దానిలో తెలిసిన లోపాలు ఉన్నాయి. నాకు నమ్మబుద్ధి కాలేదు. అంతకు వారం ముందే రాత్రంతా కూర్చుని సర్వర్‌కు అన్ని అప్‌డేట్లూ పెట్టాను. సర్వర్‌లో చూస్తే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కొత్తదే. నివేదిక తప్పని జవాబు రాయబోయి, ఎందుకైనా మంచిదని ఆర్డర్ల కంటైనర్ లోపలికి వెళ్లి చూశాను. లోపల మూడేళ్ల కిందటి లైబ్రరీ, పెట్టింది పెట్టినట్టు కూర్చుని ఉంది.

ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. కంటైనర్ గురించి చెప్పేవాళ్లందరూ దాని గోడ గొప్పతనం చెబుతారు. ఆ గోడ లోపలి చెడును బయటికి రానివ్వదు, నిజమే. బయట జరిగిన మరమ్మతును కూడా అదే గోడ లోపలికి పోనివ్వదు. ఈ రెండో మాట చెప్పేవాళ్లు తక్కువ.

ఇంతకీ ఈ గోడ దేనితో కట్టింది? కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థలో రెండు భాగాలుంటాయి. అడుగున కెర్నెల్: మెమరీని పంచేది, డిస్కు మీద రాసేది, నెట్‌వర్క్‌లోకి మాట పంపేది అదే. దాని మీద సరంజామా: లైబ్రరీలు, చిన్నా పెద్దా పనిముట్లు, అమరికల ఫైళ్లు. వర్చువల్ మెషీన్ అయితే ఒక్కో గదికీ సొంత కెర్నెల్ ఉంటుంది, అంటే ఒక్కో జెట్ మిషన్‌కూ సొంత బాయిలర్ కట్టినట్టు. కంటైనర్ అలా కాదు. సరంజామా దాని సొంతం, కెర్నెల్ అందరిదీ. తానొక్కదాన్నే ఈ కంప్యూటర్‌లో ఉన్నానని ప్రతి కంటైనర్‌నూ నమ్మించడమే కెర్నెల్ చేసే పని.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో కూర్పులోనే ఒక ప్రోగ్రామ్‌కు ఫలానా ఫోల్డరే మొత్తం ప్రపంచమని చూపించే ‘సీహెచ్‌రూట్’ అనే సదుపాయం ఉంది. దాన్ని తప్పించుకోవడం తేలిక. అసలైన గోడ కట్టినవాడు డెన్మార్క్ ప్రోగ్రామర్ పౌల్-హెన్నింగ్ కాంప్. ఒకే యంత్రం మీద తమ సేవలనూ ఖాతాదారుల సేవలనూ విడివిడిగా ఉంచాలనుకున్న ఒక హోస్టింగ్ సంస్థ కోసం అతను చేసిన ‘జైలు’ 2000లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 4.0తో బయటికొచ్చింది. తర్వాత సోలారిస్ అనే మరో వ్యవస్థ వాళ్లు ‘జోన్’లు తెచ్చారు. ఏ గదికి ఎంత ప్రాసెసర్, ఎంత మెమరీ అని కొలిచి పంచే పద్ధతిని గూగుల్‌లో పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ 2006లో మొదలుపెట్టారు. 2008 జనవరిలో వచ్చిన లినక్స్ కెర్నెల్‌లో అది చేరింది. 2013లో కంటైనర్లను కట్టి నడిపే డాకర్ వచ్చాక ఇదంతా ఇంటింటి మాట అయింది.

సరంజామా ఎవరిది వాళ్లది, కెర్నెల్ అందరిదీ. అప్‌డేట్ల చిక్కులన్నీ ఈ ఒక్క ఏర్పాటులోంచే పుట్టుకొస్తాయి.

లోపం కెర్నెల్‌లో ఉంటే గోడలు అక్కరకు రావు. 2016 అక్టోబరులో బయటపడిన ‘డర్టీ కౌ’ అలాంటిదే. 2007 నుంచి లినక్స్ కెర్నెల్‌లో దాగి ఉన్న ఆ లోపంతో, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలు మీద మామూలు వాడుకరి కూడా రాసేయగలడు. కంటైనర్ లోపల కూర్చుని బయటికి దూకడానికి కూడా అది పనికొస్తుందని పరిశోధకులు చూపించారు. దీనికి మందు సర్వర్ కెర్నెల్‌ను మార్చి ఒక్కసారి ఆపి మళ్లీ మొదలుపెట్టడం. 14 గదులూ ఒకేసారి ఆగుతాయి, ఒకేసారి బాగవుతాయి. గోడ కట్టే పనిముట్టులోనే లోపం దొరికినా అంతే. 2019 ఫిబ్రవరిలో డాకర్ అడుగున పనిచేసే ‘రన్‌సీ’లో అలాంటిది బయటపడింది, చెడ్డ కంటైనర్ ఒకటి సర్వర్‌లోని రన్‌సీనే చెరిపి తన సరుకు అక్కడ రాయగలిగేది. మరమ్మతు బయట, సర్వర్‌లోనే.

లోపం లైబ్రరీలో ఉంటే లెక్క తిరగబడుతుంది. 2014 ఏప్రిల్ 7న బయటపడిన ‘హార్ట్‌బ్లీడ్’ చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండు కంప్యూటర్లు మాట్లాడుకుంటూ, ‘ఉన్నావా?’ అని మధ్యలో పలకరించుకునే ఏర్పాటు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఉండేది. పలకరించేవాడు ఒక మాట పంపి దాని పొడవెంతో చెబుతాడు, అవతలివాడు అదే మాట తిరిగి పంపాలి. ‘పప్పు’ అని పంపి, ఇది 64 కిలోబైట్ల మాట అని చెబితే? అవతలి సర్వర్ పొడవు సరిచూసుకోకుండా ‘పప్పు’ తర్వాత తన మెమరీలో ఏముంటే అది, పాస్‌వర్డులూ తాళంచెవులూ సహా, ఊడ్చి పంపేది. 2012 మార్చిలో వచ్చిన 1.0.1తో మొదలైన ఈ లోపం రెండేళ్లు ఎవరి కంటా పడలేదు. ఇలాంటిది ఈ రోజు బయటపడితే నేను సర్వర్‌కు ఎన్ని అప్‌డేట్లు పెట్టినా ప్రయోజనం లేదు. 14 గదుల్లో 14 ప్రతులున్నాయి, ప్రతి ఒక్కదాన్నీ మార్చాలి.

ఇక ఏది ముందు మార్చాలన్నది ఇంకో ప్రశ్న. ఫ్రీబీఎస్‌డీ వాడేవాళ్లకు దీనికి కచ్చితమైన నియమం ఉంది: బయటి కెర్నెల్ జైలు లోపలి సరంజామాకు సమానంగానో, దానికంటే కొత్తగానో ఉండాలి. ఎన్నడూ పాతగా ఉండకూడదు. లోపలి సరంజామా ప్రతి పనికీ కెర్నెల్‌ను ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది; అలాంటి ఒక్కో కోరికనూ ‘అడుగు’ అందాం. కొత్త కెర్నెల్‌కు పాత అడుగులన్నీ తెలుసు. పాత కెర్నెల్‌కు కొత్త అడుగులు తెలియవు. బాయిలర్ ఒత్తిడి పెంచిన తర్వాతే కొత్త జెట్ మిషన్ బిగించాలి గానీ, ముందు మిషన్ తెచ్చి బిగించి ఆవిరి చాలట్లేదంటే ఎలా?

ఈ వరస తప్పితే ఏమవుతుందో 2021లో చాలామందికి అనుభవమైంది. లినక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామ్‌కూ ఆధారమైన జీలిబ్‌సీ అనే లైబ్రరీ, పనులను పాయలుగా విడదీయడానికి ‘క్లోన్-3’ అనే కొత్త అడుగు వాడడం మొదలుపెట్టింది. పాత డాకర్ తన గుమ్మం దగ్గర కావలివాణ్ని పెట్టి, జాబితాలో లేని అడుగులన్నిటికీ ‘అనుమతి లేదు’ అని చెప్పించేది. క్లోన్-3 ఆ జాబితాలో లేదు. ‘అలాంటి అడుగే నాకు తెలియదు’ అని చెప్పి ఉంటే జీలిబ్‌సీ ఊరుకుని పాత అడుగుతో పని కానిచ్చుకునేది. ‘అనుమతి లేదు’ అనేసరికి ఇక దారి లేదనుకుని చేతులెత్తేసింది. ఉబుంటు, ఫెడోరా అనే లినక్స్ రకాల కొత్త కంటైనర్లు పాత డాకర్ మీద మొదలవ్వగానే కూలిపోయాయి. తెలియదనడానికీ వద్దనడానికీ మధ్య తేడా మాటల్లో చిన్నదిగా కనిపిస్తుంది. యంత్రానికి అదే ఆయువుపట్టు.

సరే, లోపలి సరంజామాను మార్చేదెలా? రెండు దారులున్నాయి. వాటి తేడా నాకు సాంచాల దగ్గరే అర్థమైంది.

సాంచా మీద పడుగు అయిపోవచ్చినప్పుడు మా వాళ్లు దాన్ని పూర్తిగా ఊడదీయరు. పాత పడుగు కొసల్ని అచ్చులోనే ఉంచి, కొత్త బీమ్ దారాల్ని ఒక్కొక్కటిగా వాటికి అతుకుతారు. వేల దారాలు. అమ్మ ఈ పని చేస్తుంటే బొటనవేలూ చూపుడువేలూ ఎప్పుడు కలిశాయో ఎప్పుడు విడిపోయాయో కనబడేది కాదు. అతకడం అయ్యాక మెల్లగా లాగితే కొత్త పడుగు పాతదాని దారినే అచ్చులోంచి నడిచి వస్తుంది. ఫ్రీబీఎస్‌డీ జైళ్లలోనూ, ఎల్‌ఎక్స్‌సీ లాంటి పాత తరహా కంటైనర్లలోనూ అప్‌డేట్ ఇలాగే జరుగుతుంది. లోపలికి వెళ్లి, ఉన్న గదిలోనే పాత ఫైళ్ల చోట కొత్తవి పెడతారు. అమరికలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఒక్క దారం తప్పు అతికితే ఆ గీత గుడ్డంతా పోతుంది, అదీ చూసుకోవాలి.

డాకర్ దారి వేరు. అక్కడ గదిని బాగుచేయరు. గదిని కట్టే రెసిపీ ఒక ఫైలులో రాసి ఉంటుంది. దాని ప్రకారం కొత్త గది కట్టి, పాతదాన్ని పడగొడతారు. రెసిపీలో ఫైళ్లను మార్చే ఒక్కో వరసకూ ఒక్కో పొర తయారవుతుంది. అన్నిటికంటే కింద ఎవరో కట్టిచ్చిన పునాది ఇమేజ్, దాని మీద మన పొరలు. ఈ పొరలన్నీ కలిసిందే ఇమేజ్; అవి గట్టిపడిన రాయి, మార్చలేం. కంటైనర్ నడుస్తున్నప్పుడు మాత్రం అన్నిటికంటే పైన రాసుకోవడానికి ఒక పల్చటి పొర వేస్తారు.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఎర్ర అక్షరాల నివేదిక వచ్చిన రోజు, అమ్మ పడుగు అతికినట్టే నేను ఆర్డర్ల కంటైనర్ లోపలికి వెళ్లి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను చేత్తో మార్చాను. తనిఖీ మళ్లీ పెడితే పచ్చగా వచ్చింది. నాలుగు నెలల తర్వాత డిస్కు నిండిపోతోందని కంటైనర్లన్నిటినీ కొత్త డిస్కు మీదికి మార్చి, కొత్తగా సృష్టించాను. నేను చేసిన మరమ్మతు పైనున్న ఆ పల్చటి పొరలో ఉంది. పాత కంటైనర్‌తో పాటే అదీ పోయింది. కింది పొరల్లోని పాత లైబ్రరీ మళ్లీ పైకి తేలింది. ఏ హెచ్చరికా లేదు, పేజీ ఎప్పట్లాగే తెరుచుకుంది. తర్వాతి తనిఖీలో అవే ఎర్ర అక్షరాలు చూసినప్పుడు, మానిందనుకున్న పుండు మళ్లీ అదే చోట లేచినట్టనిపించింది.

అప్పుడు రెసిపీ తీసి, ఇమేజ్‌ను కొత్తగా కట్టమని ఆదేశించాను. నాలుగు సెకన్లలో కట్టేశానంది. నాలుగు సెకన్లలో వందల మెగాబైట్ల సరుకు దిగుమతై గది ఎలా తయారవుతుంది? తెర మీద వరసలు మళ్లీ ఒక్కొక్కటే చదివాను. ‘ప్యాకేజీలన్నీ తాజా చెయ్యి’ అన్న వరస పక్కన, ‘ముందే చేసింది, అదే వాడుతున్నా’ అని ఉంది. ఇలాంటి ఆదేశాల విషయంలో డాకర్ చూసేది రెసిపీలో వరస మారిందా లేదా అని మాత్రమే. ఆ వరస మూడేళ్లుగా అక్షరం మారలేదు. కాబట్టి మూడేళ్ల కిందట ఆ వరస వల్ల తయారైన పొరనే తీసి పెట్టింది. తాజా చెయ్యమన్న ఆదేశమే పాతబడి కూర్చుంది. పాత పొరల్ని వాడొద్దని, పునాది ఇమేజ్‌ను మళ్లీ తెమ్మని విడిగా చెబితే గానీ అది కదలదు. రెండోసారి కట్టడానికి 11 నిమిషాలు పట్టింది.

పునాది పేరు దగ్గర కూడా ఇలాంటి చిక్కే ఉంది. చాలామంది రెసిపీలో ‘లేటెస్ట్’ అనే గుర్తు రాస్తారు. అది ఎప్పటికప్పుడు కొత్తదేనని పేరును బట్టి అనుకుంటాం. నిజానికి అది తలుపు మీది బోర్డు మాత్రమే. నా యంత్రంలో ఆ బోర్డుతో ఒక ఇమేజ్ ముందే ఉంటే, బయట ఎన్నిసార్లు మారినా డాకర్ సాధారణంగా తనంతట తాను పోయి తేదు. రంగుల మిల్లులో ‘ముదురు నీలం’ అన్న పేరును ఎవరూ నమ్మరు, లాట్ నంబరు అడుగుతారు. ఇమేజ్‌కూ లాట్ నంబరు లాంటిది ఉంది: లోపలి సరుకంతటినీ లెక్కకట్టి తీసిన 64 అంకెల, అక్షరాల వరస. సరుకులో ఒక్క చుక్క మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. నేనిప్పుడు రెసిపీలో ఈ నంబరే రాస్తాను, మార్చినప్పుడల్లా పక్కన తేదీ వేస్తాను.

ఇంకో సూక్ష్మం ఉంది. ఇది లోపలికి వెళ్లి మార్చే దారికి చెందింది, నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది కూడా ఇదే. లోపలికి వెళ్లి ఫైలు మార్చిన తర్వాత కూడా, అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్ పాత లైబ్రరీతోనే పనిచేస్తూ ఉంటుంది. డిస్కు మీద ఫైలు పేరు వేరు, దాని ఒడలు వేరు. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ఆ ఒడలిని పట్టుకుంటుంది. అప్‌డేట్ వచ్చి పేరును కొత్త ఒడలికి తగిలించినా, పాతదాన్ని ఎవరో పట్టుకుని ఉన్నంతకాలం కెర్నెల్ దాన్ని పారేయదు. ఆ ప్రోగ్రామ్ వాడుతున్న లైబ్రరీల జాబితా కెర్నెల్‌ను అడిగితే పాత ఫైలు పేరు, దాని చివర ‘తొలగించబడింది’ అనే గుర్తు కనిపిస్తాయి. లేదని రాసి ఉన్నా అది ఇంకా ఊపిరి పీలుస్తోందన్నమాట. కింద మా డైయింగ్ మాస్టర్‌కు ఇది చెబితే ఆశ్చర్యపోలేదు.

“కొత్త రెసిపీ చీటీ గోడకు అంటించినంత మాత్రాన మిషన్‌ల తిరిగే నీళ్లు మారుతయా తమ్మీ? పాత నీళ్లు వదలాలె, కడగాలె, మళ్ల నింపాలె” అన్నాడాయన.

అందుకే అప్‌డేట్ తర్వాత ప్రోగ్రామ్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. కొత్త గది కట్టే పద్ధతిలో ఈ బాధ లేదు, అక్కడ ప్రోగ్రామ్ కొత్తగానే పుడుతుంది. నా మొగ్గు ఆ పద్ధతి వైపే. పడుగు అతకడంలో ఉన్న నేర్పు మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ నేర్పు చేతుల్లో ఉంటుంది, కాగితం మీద ఉండదు. నేను దీపావళికి సిరిసిల్ల పోయినప్పుడు గది కూలితే, నా స్థానంలో ఉన్న కుర్రాడికి నా వేళ్లు ఏం చేశాయో తెలియదు. రెసిపీ ఉంటే అతనూ కట్టగలడు.

అయితే కొత్త గది కట్టగానే అన్నిచోట్లా ఒకేసారి దించేయకూడదు. దీనికి మన కళ్ల ముందే పెద్ద ఉదాహరణ ఉంది. 2024 జూలై 19న, మన గడియారం ప్రకారం ఉదయం 9:39కి, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన విండోస్ సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు పంపింది. ఆ సాఫ్ట్‌వేర్ పనిచేసేది కెర్నెల్‌లో. ఫైలు తీరు సరిగా లేక కెర్నెల్ కూలింది, దాంతో యంత్రమే కూలింది. 78 నిమిషాల్లో ఆ ఫైలును వెనక్కి తీసుకున్నారు. అప్పటికే మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో అందరూ చూశారు. అది కంటైనర్ల గొడవ కాదు. అయినా అందరికీ ఒకేసారి పంపిన అప్‌డేట్ ఏం చేస్తుందో అంతకంటే బాగా చెప్పే చిత్రం నాకు కనబడలేదు.

రంగుల మిల్లులో వెయ్యి మీటర్లు ముంచే ముందు గుప్పెడు గుడ్డకు ల్యాబ్ డిప్ తీస్తారు. ఎండలోనూ, ట్యూబ్‌లైటు కిందా పెట్టి చూస్తారు. గూగుల్‌లో పుట్టి 2014లో బయటికొచ్చిన, కంటైనర్లను నడిపించే కుబర్నెటీస్ చేసేదీ దాదాపు ఇదే. ఒకే పని చేసే కంటైనర్లు పది ఉంటే అన్నిటినీ ఒకేసారి మార్చదు. ఏమీ చెప్పకపోతే, ఏ సమయంలోనూ నాలుగో వంతు కంటే ఎక్కువ ఆగకుండా కొన్నికొన్నిగా మారుస్తూ పోతుంది, కొత్తది సరిగా పలికితేనే తర్వాతి దాని జోలికి వెళ్తుంది. మాది చిన్న మిల్లు, అంత సరంజామా లేదు. ముందు హాజరు పట్టీ గది, రెండు రోజులు ఆగి మిగతావి, అన్నిటికంటే చివర చలాన్లు.

కొత్త గది నచ్చకపోతే పాతదాన్ని మళ్లీ నిలబెట్టొచ్చు, పాత ఇమేజ్ ఎక్కడికీ పోదు. ఈ ధైర్యం ఒక్కచోట పనికిరాదు: డేటా. డేటాను గది బయట విడిగా దాచుకుంటాం, గదులు మారినా అది మారదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెద్ద సంచిక మారితే పాత డేటా ఫోల్డర్‌ను కొత్తది నేరుగా తెరవదు. అది మొహం మీదే చెబుతుంది కాబట్టి మేలే. చెప్పకుండా చెడిపోయేవి ఉన్నాయి. వాటిలో ఒకటి మన అకారాది క్రమంతో చెబితే తేలిగ్గా తెలుస్తుంది.

‘క్ష’తో మొదలయ్యే మాటలు నిఘంటువులో ఎక్కడుంటాయి? కొందరు ‘క’ గుణింతంలోనే, క వత్తుల వరసలో చూపిస్తారు. కొందరు దాన్ని ప్రత్యేక అక్షరంగా ఎంచి చిట్టచివర పెడతారు. చివర ఉంటుందనే నమ్మకంతో అమర్చిన నిఘంటువును, ‘క’ దగ్గర వెతికే అలవాటున్నవాడి చేతికిస్తే ‘క్షమ’ అనే మాటే ఇందులో లేదంటాడు. మాట ఉంది, పేజీ ఉంది, వెతికే చోటు మారింది. డేటాబేస్ సూచికలు కూడా ఇలా వరస పేర్చిన నిఘంటువులే. ఆ వరస నియమాలు చాలాసార్లు జీలిబ్‌సీ నుంచి వస్తాయి. 2018 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఈ నియమాలు భారీగా మారాయి. పాత డెబియన్ లినక్స్ పునాది మీదున్న పోస్ట్‌గ్రెస్ కంటైనర్‌ను కొత్త డెబియన్ పునాది మీదికి మార్చినవాళ్లకు పోస్ట్‌గ్రెస్ సంచిక అదే, డేటా అదే, అప్పట్లో ఏ తప్పూ కనబడేది కాదు. కానీ సూచిక పాత వరసలో, వెతికేవాడు కొత్త వరసలో. ఉన్న పేర్లు దొరక్కుండా పోవచ్చు. ఒకే పేరు రెండుసార్లు రాకూడదన్న నియమమున్న చోట రెండోసారి ఎక్కొచ్చు. సూచికల్ని మళ్లీ కట్టించడమే మందు. నేను పునాది మార్చిన ప్రతిసారీ ఈ పని చేయిస్తాను, అవసరం ఉందో లేదో ఆలోచించను.

ఇంత చేసినా ఏ గదిలో ఏముందో తెలియకపోతే లాభం లేదు. 2021 డిసెంబరులో ‘లాగ్4షెల్’ లోపం బయటపడినప్పుడు ప్రపంచమంతటా ఇంజినీర్లు మొదట వెతుక్కున్నది మందు కాదు, జబ్బు ఎక్కడుందో. లాగ్4జే అనే జావా లైబ్రరీ ఒక పెట్టెలో ఇంకో పెట్టె, దానిలో మరో పెట్టె మాదిరి దాగి ఉండేది. గో భాషలో రాసిన ప్రోగ్రాములైతే లైబ్రరీలను తమలోనే కలిపేసుకుంటాయి; బయట విడిగా ఫైలే ఉండదు, ప్రోగ్రామ్‌నే మళ్లీ కట్టాలి. మందుల సీసా మీద ఏయే పదార్థాలున్నాయో రాసినట్టు, సాఫ్ట్‌వేర్‌లోని భాగాలన్నిటి జాబితా తయారుచేసి ఉంచుకోవాలని మన దేశంలో కంప్యూటర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ జాబితా తీసే ఉచిత పనిముట్లు చాలా ఉన్నాయి. నా 14 గదుల జాబితా మొదటిసారి తీసినప్పుడు సెంట్‌ఓఎస్ 7 అనే లినక్స్ పునాది మీద రెండు గదులు నిలబడి ఉన్నాయని తెలిసింది. 2024 జూన్ 30తో దానికి మరమ్మతులు రావడం ఆగిపోయింది. ఆ రెండు గదుల్లో ‘అప్‌డేట్’ అని ఎన్నిసార్లు అడిగినా కొత్తవేమీ రావు. గదులు మాత్రం ఎప్పట్లాగే నడుస్తుంటాయి, అదే భయం.

కెర్నెల్ సంగతి వేరుగా చూసుకుంటాను. దీపావళికి సూరత్ మిల్లులు రోజుల తరబడి మూతపడతాయి. మా వాళ్లు నవజీవన్ రైలెక్కి వరంగల్ వైపు పోతారు, బాయిలర్‌ను చల్లార్చి లోపలంతా శుభ్రం చేస్తారు. మొదట్లో సర్వర్ ఆపడం కూడా దీపావళికే అనుకునేవాణ్ని. ఏడాదికోసారి సరిపోయేది బాయిలర్‌కు. దానిలో రోజుకో కొత్త కన్నం వెతికేవాడు ఎవడూ లేడు. కెర్నెల్‌కు ఉన్నారు. ఇప్పుడు నెలకొక రాత్రి అడిగి తీసుకున్నాను. రెండు షిఫ్టుల మధ్య ఇరవై నిమిషాలు.

పోయిన నెల ఆ ఇరవై నిమిషాల్లో బాయిలర్ దగ్గరుండే మామ పైకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కరీంనగర్ ఆయన. ఒక్కో గది లేస్తుంటే తెర మీద ఒక్కో పచ్చ చుక్క వెలుగుతోంది.

“పదమూడే ఉన్నయి గద బిడ్డా?”

“ఉంది మామా, పద్నాలుగోది ఆలస్యంగా లేస్తది.”

ఆ పద్నాలుగోది రంగులు తూచి కలిపే యంత్రాన్ని నడిపే గది. నాకు దొరికిన రెండు సెంట్‌ఓఎస్ 7 గదుల్లో ఒకదాన్ని కొత్త పునాది మీదికి మార్చాను. ఇది మిగిలిపోయింది. యంత్రం అమ్మినవాళ్లు రెసిపీ ఇవ్వలేదు, గట్టిపడిన ఇమేజ్ మాత్రమే ఇచ్చారు. కొత్త పునాది మీద కట్టివ్వమని అడిగితే చూద్దామంటున్నారు. అందాకా దానికి ఇంటర్నెట్ దారి మూసేశాను. తూకం యంత్రంతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకుండా, ఒక్క తీగ మాత్రం వదిలాను. ప్రతి నెలా ఒకటో తారీఖున వాళ్లకు ఫోన్ చేసి, తేదీ, చెప్పిన జవాబు ఒక కాగితం మీద రాసి సర్వర్ తలుపుకు అంటిస్తున్నాను. ఇప్పటికి తొమ్మిది వరసలయ్యాయి.